డెలివరీలు తగ్గిన పీహెచ్‌సీలో బ్యాగ్-మాస్క్ అలవాటు తప్పిపోకుండా ఏం చేయాలి?

పీహెచ్‌సీ_డాక్టర్

నెలకు 8 కాన్పులు అయ్యే పీహెచ్‌సీని లెక్కలోకి తీసుకుందాం. ఏడాదికి 96. పుట్టిన పిల్లల్లో నూటికి 85 మంది వాళ్ళంతట వాళ్ళే ఊపిరి అందుకుంటారు. ఇంకో 10 మంది ఒళ్ళు తుడిచి వీపు రుద్దితే అందుకుంటారు. బ్యాగ్-మాస్క్, అంటే ముఖానికి మాస్క్ ఆనించి చేత్తో బ్యాగ్ నొక్కి ఊపిరి ఇచ్చే సాధనం, కావలసింది సుమారు 5 శాతానికి. అంటే ఏడాదికి ఐదుగురు బిడ్డలు. షిఫ్టుల మీద నలుగురు స్టాఫ్ నర్సులు ఉంటే ఒక్కొక్కరి చేతికి ఏడాదికి ఒక్క బిడ్డ వస్తుంది, అదీ ఏ అర్ధరాత్రో.

అందరికీ నవజాత శిశు సురక్షా కార్యక్రమం రెండు రోజుల శిక్షణ అయింది, సర్టిఫికెట్లున్నాయి. రాత పరీక్ష పెడితే మార్కులు బాగానే వస్తాయి. శిక్షణ బొమ్మ ముందు పెట్టి మాస్క్ పట్టమంటే మాత్రం దాని ఛాతీ లేవదు. ఇది ఏ ఒక్క కేంద్రంలోనో ఉన్న సమస్య కాదు. అడగాలనుకున్నవి మూడు: ఎన్నాళ్ళకోసారి సాధన చేయాలి? ఎంతసేపు? సరిగా చేస్తున్నారో లేదో చూసేది ఎవరు?

స్కిల్‌ల్యాబ్_మెంటర్

డాక్టర్ గారూ, రెండు రోజుల శిక్షణ పనికిరాదని కాదు. నేర్చుకోవడానికి అది చాలు, నేర్చింది నిలవడానికి చాలదు. దీన్ని టాంజానియాలోని హేడమ్ ఆసుపత్రిలో స్పష్టంగా చూశారు. మొదట ఒక్క రోజు "హెల్పింగ్ బేబీస్ బ్రీత్" శిక్షణ ఇచ్చారు. బొమ్మ మీద అందరూ బాగా చేశారు, కాన్పు గదిలో చేసే పద్ధతి మాత్రం మారలేదు. తర్వాత అదే ఆసుపత్రిలో, పని చేసే చోటే, వారానికోసారి 3 నుంచి 5 నిమిషాల సాధన పెట్టారు. దానికి తోడు నెలకోసారి 40 నిమిషాల పునశ్చరణ. అప్పుడు మొదటి 24 గంటల్లో చనిపోయే శిశువుల సంఖ్య వెయ్యికి సుమారు 11 నుంచి సుమారు 7కి దిగింది. ఆ ఫలితాలు 2015లో అచ్చయ్యాయి.

కాబట్టి మీ మొదటి రెండు ప్రశ్నలకు జవాబు: వారానికోసారి, ఐదు నిమిషాలు, లేబర్ రూమ్‌లోనే. మీటింగ్ హాల్లో వద్దు. ఎలా చేయాలో రాస్తున్నాను.

బొమ్మను వార్మర్ (బిడ్డను వెచ్చగా ఉంచే బల్ల) మీద కాదు, కాన్పు బల్ల మీద, తల్లి పొట్ట ఉండే చోట పెట్టండి. చూసేవాళ్ళు ఒకే మాట చెప్పాలి: "నెలలు నిండిన బిడ్డ, ఏడవలేదు, ఒళ్ళు వాలిపోయింది." స్టాప్‌వాచ్ నొక్కండి. చేసేవాళ్ళు తుడవాలి, తడి గుడ్డ తీసేయాలి, వీపు రుద్దాలి, బొడ్డు కట్ చేసి వార్మర్ దగ్గరికి తేవాలి, తల సరిచేయాలి, బ్యాగ్ అందుకోవాలి, మాస్క్ పెట్టాలి. మొదటిసారి ఛాతీ లేచిన క్షణం దగ్గర టైమ్ రాయండి. 60 సెకన్లు దాటకూడదు.

ఆ తర్వాత 30 సెకన్లు బ్యాగ్ నొక్కించండి. చూసేవాళ్ళు లెక్కపెట్టాలి. నిమిషానికి 40 నుంచి 60 కాబట్టి 30 సెకన్లలో 20 నుంచి 30 శ్వాసలు రావాలి. "నొక్కు, రెండు, మూడు" అని పైకి అంటూ చేస్తే సరిపోతుంది. అలవాటు తప్పినవాళ్ళు దాదాపు అందరూ కంగారులో 80 దాకా పోతారు. అలా పోతే ఊపిరితిత్తి ఖాళీ అయ్యే వ్యవధి ఉండదు.

ముఖ్యమైన సంగతి ఇంకొకటి. తప్పు కనిపించగానే ఆపండి. అంతా అయ్యాక చివర చెప్పడం వద్దు. "చూపుడు వేలు కింద గాలి పోతోంది, మళ్ళీ పెట్టండి" అని చెప్పి అదే అడుగు మళ్ళీ చేయించండి. వరసగా రెండుసార్లు సరిగా వచ్చాకే ముందుకు వెళ్ళాలి. ఐదు నిమిషాల్లో మూడు నాలుగు సార్లు తిరగొచ్చు.

నవజాత_వార్డు

మెంటర్ మేడమ్ చెప్పినదానికి కలుపుతున్నాను. అన్నీ ఒకే వేగంతో మరుగున పడవు. ఏది ముందు పోతుందో తెలిస్తే ఐదు నిమిషాలు దాని మీదే పెట్టొచ్చు.

చదువుకున్నది చాలాకాలం నిలుస్తుంది. గుండె వేగం నిమిషానికి 60 కంటే తక్కువైతే ఏం చేయాలని ఏడాది తర్వాత అడిగినా చెబుతారు. చేతిలో ఉండే పని ముందు పోతుంది. నాగపూర్, బెళగావి కేంద్రాల్లో శిక్షణ పొందినవాళ్ళను నెలల తర్వాత మళ్ళీ పరీక్షించినప్పుడు ఇదే తేలింది: పరిజ్ఞానం కంటే నైపుణ్యం ముందు తగ్గింది. అన్నిటికంటే ప్రమాదం, ధైర్యం మాత్రం తగ్గదు. "నాకు వచ్చు" అన్న నమ్మకం మొదటి రోజున ఎంత ఉందో ఆరు నెలలకూ అంతే ఉంటుంది. అందుకే "మీకు శిక్షణ అవసరమా?" అని మనిషిని అడిగి నిర్ణయించడం తప్పు. బొమ్మ ఛాతీని చూసి నిర్ణయించాలి.

ముందుగా పోయేది మాస్క్ పట్టు. మాస్క్‌ను గడ్డం కొన దగ్గర మొదలుపెట్టి ముక్కు వైపు వాల్చాలి. గడ్డం కొన, నోరు, ముక్కు లోపల ఉండాలి, కళ్ళు బయట ఉండాలి. నెలలు నిండిన బిడ్డకు 1వ నంబరు, నెలలు తక్కువైన బిడ్డకు 0. బొటనవేలు, చూపుడువేలు మాస్క్ మీద గుండ్రంగా, మిగతా మూడు వేళ్ళు దవడ ఎముక మీద. ఇక్కడ రెండు తప్పులు పదే పదే వస్తాయి. ఒకటి, మూడు వేళ్ళు ఎముక మీద కాక గడ్డం కింది మెత్తని చోట పడతాయి. నాలుక పైకి తోసుకొచ్చి దారి మూసుకుంటుంది. రెండోది, గాలి పోతోందని మాస్క్‌ను కిందికి అదుముతారు. మెడ ముందుకు వంగుతుంది, దారి మూసుకుంటుంది, ఛాతీ అసలే లేవదు, ఇంకా గట్టిగా అదుముతారు. మాస్క్‌ను ముఖం మీదికి నొక్కకూడదు. దవడనే మాస్క్‌లోకి ఎత్తాలి.

రెండోది తల ఉండాల్సిన తీరు. భుజాల కింద మడత పెట్టిన గుడ్డ ఒక అంగుళం మందం ఉంటే చాలు. దాన్ని మెడ కింద పెడితే తల మరీ వెనక్కి పోతుంది.

మూడోది, ఛాతీ లేవనప్పుడు ఏ వరసలో సరిచేయాలన్నది. 5 శ్వాసలకు ఛాతీ లేవకపోతే మాస్క్ తీసి మళ్ళీ పెట్టండి, తల సరిచేయండి. అయినా లేవకపోతే నోట్లో, ముక్కులో అడ్డం ఉందేమో చూసి తీయండి, నోరు కొంచెం తెరిచి ఉంచండి. అప్పటికీ లేవకపోతే ఇంకాస్త గట్టిగా నొక్కండి. ఈ వరస నోటికి వస్తే చాలదు, చేతికి రావాలి. సాధనలో చూసేవాళ్ళు చెప్పకుండా బొమ్మ భుజాల కింద గుడ్డ తీసేయడమో, మాస్క్ అంచు కొంచెం పక్కకు జరపడమో చేయాలి. ప్రతిసారీ ఛాతీ హాయిగా లేచే బొమ్మ మీద సాధన చేస్తే ఈ భాగం ఎన్నటికీ అలవాటు కాదు.

రాత్రి_షిఫ్ట్

మేడమ్, సక్షన్ (గొట్టంతో నోరు, ముక్కు పీల్చి శుభ్రం చేయడం) ఎప్పుడు? పాత శిక్షణలో మొదట సక్షన్, తర్వాతే మిగతావి అని నేర్పారు. మెకోనియం (బిడ్డ మొదటి మలం) ఉమ్మనీటిలో ఉంటే తప్పనిసరి అని కూడా.

నవజాత_వార్డు

ఇప్పుడు అలా కాదు అండీ. మెకోనియం ఉన్నా సరే, అందరికీ సక్షన్ అన్నది తీసేశారు. దారికి అడ్డం కనిపిస్తేనే. అప్పుడైనా ముందు నోరు, తర్వాత ముక్కు. గొట్టం నోట్లోకి 5 సెంటీమీటర్లు, ముక్కులోకి 3 సెంటీమీటర్లు దాటకూడదు. ఒత్తిడి 80 నుంచి 100 మిల్లీమీటర్ల పాదరసం. లోతుకు పోతే గొంతు వెనక తగిలి గుండె వేగం పడిపోతుంది. మొదటి నిమిషంలో సక్షన్‌కు పెట్టే 20 సెకన్లు బ్యాగ్‌కు దక్కవు.

మీ ప్రశ్నలో ఇంకో విషయం ఉంది. మరిచిపోవడం ఒక సమస్య, పాతది మరిచిపోలేకపోవడం ఇంకో సమస్య. పదేళ్ళు చేతికి అలవాటైనది "ఇక వద్దు" అని సర్క్యులర్ వస్తే పోదు, ఒత్తిడిలో అదే ముందుకొస్తుంది. అలాంటివాళ్ళకు సాధనలో సక్షన్ గొట్టం పక్కనే అందేలా పెట్టి, దాన్ని ముట్టుకోకుండా చేయించాలి.

బయోమెడికల్_బాబాయ్

మనుషుల గురించే మాట్లాడుతున్నారు, బ్యాగ్ గురించి కూడా నాలుగు ముక్కలు. ఛాతీ లేవకపోతే సగంసార్లు నెపం చేతి మీదికి పోతుంది. లోపల వాల్వ్ తిరగబడి ఉంటుంది.

శిశువుల బ్యాగ్ 240 నుంచి 500 మిల్లీలీటర్లు. వెనక గాలి లోపలికి పీల్చే వాల్వ్, ఆక్సిజన్ గొట్టం పెట్టే చోటు ఉంటాయి. ముందు పేషెంట్ వాల్వ్, అందులో బాతుముక్కులా ఉండే పల్చటి సిలికాన్ ముక్క. పక్కన ఎక్కువైన ఒత్తిడిని వదిలేసే పాప్-ఆఫ్ వాల్వ్, ఇది 30 నుంచి 40 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దగ్గర తెరుచుకుంటుంది. కడిగి మళ్ళీ బిగించేటప్పుడు బాతుముక్కు తలకిందులుగా పడుతుంది, లేదా తడి ఆరకముందే బిగిస్తే అంచులు అతుక్కుంటాయి. పాప్-ఆఫ్ మీద మూత నొక్కి లాక్ చేసే రకమైతే, ఎవరో లాక్ చేసి వదిలేస్తారు. అప్పుడు ఒత్తిడికి అడ్డూ ఆపూ ఉండదు.

ప్రతి షిఫ్ట్ మొదట్లో 15 సెకన్ల పరీక్ష చాలు. మాస్క్‌ను అరచేతికి గట్టిగా ఆనించి బ్యాగ్ నొక్కండి. చేతికి ఒత్తిడి తెలియాలి. ఇంకా నొక్కితే పాప్-ఆఫ్ దగ్గర సుయ్‌మని గాలి రావాలి. చెయ్యి వదలగానే బ్యాగ్ వెంటనే ఉబ్బాలి. నెమ్మదిగా ఉబ్బితే వెనక వాల్వ్ చూడండి. చేతికి ఒత్తిడే తెలియకపోతే బాతుముక్కో, చిరిగిన మాస్కో చూడండి.

రిజర్వాయర్ (బ్యాగ్ వెనక ఆక్సిజన్ నిలిచే సంచి) లేకుండా ఆక్సిజన్ పెడితే 40 శాతం దగ్గరే ఆగుతుంది, ఉంటే 90 పైకి వెళ్తుంది. 35 వారాలు నిండిన బిడ్డకు మొదలు పెట్టేది మామూలు గాలితోనే కాబట్టి సిలిండర్ కోసం ఆగనక్కర్లేదు.

సాధనకు వేరే బ్యాగ్ పెట్టుకోండి. రంగు టేపు చుట్టి "శిక్షణకు" అని రాయండి. బిడ్డకు వాడే బ్యాగ్‌తో సాధన చేస్తే అది బొమ్మ పెట్టెలోనే ఉండిపోయే రోజు వస్తుంది.

108_ఈఎంటీ

వారానికోసారి అన్నదానికి పెద్దవాళ్ళ సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి, ఊపిరి ఇవ్వడం) లెక్క కూడా చూడండి. కెనడాలో నర్సుల మీద చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. నెలకోసారి, 3 నెలలకోసారి, 6 నెలలకోసారి, ఏడాదికోసారి సాధన చేసేవాళ్ళని నాలుగు గుంపులు చేశారు. ఏడాది చివర పూర్తిగా సరైన సీపీఆర్ చేసినవాళ్ళు నెలవారీ గుంపులో 58 శాతం, 3 నెలల గుంపులో 26, 6 నెలలకు 21, ఏడాదికి 15. సర్టిఫికెట్‌కు రెండేళ్ళ గడువు ఉంటుంది. ఆ గడువుకూ చేతికీ సంబంధం లేదు.

పెద్దవాళ్ళకు ఛాతీ నొక్కే లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 6 దాటకూడదు. వేగం నిమిషానికి 100 నుంచి 120. ప్రతి నొక్కుడు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి రావాలి. అలసట వచ్చినప్పుడు ఇదే మొదట పోతుంది, చేసేవాళ్ళకు తెలియను కూడా తెలియదు. అందుకే 2 నిమిషాలకు మనిషి మారడం. ఫోన్‌లో మెట్రోనోమ్‌ను 110 మీద పెడితే వేగం అదుపులో ఉంటుంది, లోతుకు మాత్రం క్లిక్‌మనే బొమ్మో పక్కన చూసే కళ్ళో కావాలి.

మా వాళ్ళు పొరబడే చోటు ఇంకోటుంది: ఎన్ని నొక్కుళ్ళకు ఎన్ని శ్వాసలు అన్న నిష్పత్తులు. పెద్దవాళ్ళకు 30:2. పిల్లలకు, చేసేవాళ్ళు ఇద్దరు ఉంటే 15:2. అప్పుడే పుట్టిన బిడ్డకు 3:1. బిడ్డకు మూడు నొక్కుళ్ళు, ఒక శ్వాస కలిపి 2 సెకన్లు. మూడూ ఒకే రోజు వరసగా సాధన చేస్తే కలిసిపోతాయి అనుకుంటారు గానీ, ముందే చెప్పకుండా ఒకటి తర్వాత ఇంకోటి మార్చి చేయిస్తేనే తేడా చేతికి ఎక్కుతుంది. మొదటి రోజు తప్పులు ఎక్కువ వస్తాయి, ఓర్చుకోవాలి.

నవజాత_వార్డు

108 తమ్ముడూ, బాగా చెప్పారు. ఒక్క జాగ్రత్త. పీహెచ్‌సీ సాధనలో 3:1కి సమయం తక్కువ పెట్టండి. గుండె నొక్కాల్సిన బిడ్డ వెయ్యికి ఒకరు. 30 సెకన్లు ఛాతీ నిజంగా లేచేలా బ్యాగ్ చేశాక, 6 సెకన్లు గుండె చప్పుడు విని పదితో గుణిస్తే 60 లోపు వస్తేనే దాని అవసరం. ఛాతీ లేవకుండానే నొక్కడం మొదలుపెట్టడమే పెద్ద తప్పు. ఐదు నిమిషాల్లో నాలుగున్నర మాస్క్‌కే ఇవ్వండి.

బ్రిస్టల్_మిడ్‌వైఫ్

ఇంగ్లండ్ నుంచి. ఇక్కడ ప్రాంప్ట్ అనే శిక్షణ ఉంది, బ్రిస్టల్‌లోనే పుట్టింది. అందులో పనికొచ్చే సంగతి: మిడ్‌వైఫ్, డాక్టర్, మత్తు డాక్టర్ అందరూ తమ సొంత వార్డులో, తమ సొంత సామానుతో కలిసి చేస్తారు. భుజం ఇరుక్కున్న కాన్పుల్లో బిడ్డ చేతి నరాలకు దెబ్బ తగలడం దీంతో తగ్గిందని 2008లో చూపించారు. మీ దగ్గర కూడా ఏఎన్‌ఎం, నర్సు, డాక్టర్, ఆయా కలిసి చేస్తే మేలు. పిలుపు ఎవరికి, 108కి ఫోన్ ఎవరు, సమయం రాసేది ఎవరు అన్నది కూడా సాధన చేయాల్సిన పనే.

ఒక హెచ్చరిక. ఇక్కడి పద్ధతిలో మొదట 5 ఇన్‌ఫ్లేషన్ (ఊపిరితిత్తులను ఉబ్బించే) శ్వాసలు, నెలలు నిండిన బిడ్డకు 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడితో, ఒక్కోటి 2 నుంచి 3 సెకన్లు పట్టి ఉంచుతారు. భారత్‌లో నేర్పేది అది కాదు. యూట్యూబ్‌లో ఇంగ్లండ్ వీడియో చూసి సగం అది, సగం ఇది కలిపి చేయొద్దు. మీ గోడ మీద ఉన్న చార్టునే సాధన చేయండి.

రాత్రి_షిఫ్ట్

చెప్పినవన్నీ బాగున్నాయి. కానీ ఇద్దరే ఉండే షిఫ్ట్‌లో ఓపీ, టీకాలు, రిజిస్టర్లు, ఆన్‌లైన్ ఎంట్రీలు అన్నీ ఉన్నాయి. ఇంకో రిజిస్టర్ పెడితే నెలాఖరున ఒకే పెన్నుతో నాలుగు వారాలూ నింపేస్తారు.

స్కిల్‌ల్యాబ్_మెంటర్

నిజమే తల్లీ, అందుకే రిజిస్టర్ వద్దు. షిఫ్ట్ మారే సమయానికి కట్టేయండి. దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు ఇద్దరూ ఎలాగూ లేబర్ రూమ్‌లో నిలబడి అప్పగింతలు చేసుకుంటారు. వారంలో ఒక రోజు, మంగళవారమో గురువారమో, ఆ అప్పగింతల్లో ఒకరు చేస్తారు, ఇంకొకరు చూస్తారు. చూసేవాళ్ళు వార్మర్ పక్కన అతికించిన ఒక్క కాగితం మీద రెండు అంకెలే రాస్తారు: మొదటి ఛాతీ లేచిన సెకన్లు, 30 సెకన్లలో శ్వాసల సంఖ్య. సంతకం కూడా వద్దు. ఆ అంకెలను ఎవరి పనితీరు రిపోర్టులోకీ తీసుకోకూడదని డాక్టర్ గారు మొదటి రోజే చెప్పాలి. శిక్ష పడుతుందని తెలిస్తే అందరి అంకే 45 అవుతుంది.

నీళ్ళు పోసే బొమ్మైతే 2 లీటర్ల గోరువెచ్చని నీళ్ళు పోస్తే బిడ్డ బరువు చేతికి తెలుస్తుంది. చేతి తొడుగులు వేసుకుని, వాటిని తడిపి చేయండి. పొడి చేతులతో పట్టిన మాస్క్ వేరు, ఉమ్మనీరు, వెర్నిక్స్ (బిడ్డ ఒంటి మీది తెల్లటి జిడ్డు) అంటిన బుగ్గ మీద జారే మాస్క్ వేరు.

పీహెచ్‌సీ_డాక్టర్

బొమ్మ జిల్లా శిక్షణ కేంద్రంలో ఉంటుంది, మూడు నెలలకోసారి వస్తుంది. మిగతా వారాలు?

స్కిల్‌ల్యాబ్_మెంటర్

ఛాతీ లేచే బొమ్మ లేకుండా మాస్క్ పట్టు సరిగా ఉందో లేదో తేల్చలేం, అందులో మొహమాటం వద్దు. బొమ్మ అడుగుతూ ఉండండి. ఈలోగా చేయగలిగినవి: బ్యాగ్ విప్పి 60 సెకన్లలో మళ్ళీ బిగించడం, అరచేతి పరీక్ష, "నొక్కు, రెండు, మూడు" లయ, కాన్పు బల్ల నుంచి వార్మర్ దాకా నడక. ఆ నడకలోనే తెలుస్తుంది బ్యాగ్ అల్మారాలో తాళం వెనక ఉందని, వార్మర్ ప్లగ్ పక్క గదిలో ఉందని. నొక్కే బలం కూడా ఇక్కడే అలవాటు చేసుకోవచ్చు. 3 కిలోల బిడ్డకు ఒక్క శ్వాసకు కావలసింది 12 నుంచి 18 మిల్లీలీటర్లే. 240 బ్యాగ్‌ను రెండు మూడు వేళ్ళతో నొక్కితే చాలు, పిడికిలి అక్కర్లేదు.

రాత్రి_షిఫ్ట్

ఇదే పద్ధతిలో ఫిట్స్ వచ్చే గర్భిణికి ఇచ్చే మాగ్‌సల్ఫ్ (మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్) సాధన కూడా చేయొచ్చా? అది బ్యాగ్ కంటే అరుదు.

స్కిల్‌ల్యాబ్_మెంటర్

తప్పకుండా. అక్కడ పోయేది లెక్క. 50 శాతం ఆంపుల్ 2 మిల్లీలీటర్లు, అంటే 1 గ్రాము. నరానికి ఇచ్చే 4 గ్రాములకు 4 ఆంపుల్స్, అంటే 8 మిల్లీలీటర్లు. దానికి 12 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ కలిపితే 20 శాతం ద్రావణం 20 మిల్లీలీటర్లు. అది నెమ్మదిగా, 5 నిమిషాలకు తక్కువ కాకుండా. కండరానికి ఒక్కో పిరుదులో 5 గ్రాములు, అంటే 5 ఆంపుల్స్ చొప్పున 10. మొత్తం 14 ఆంపుల్స్. డాక్టర్ లేని సబ్‌సెంటర్‌లో కండరానికి ఇచ్చే 10 గ్రాములు ఇచ్చి పంపాలి. నరానికి ఇచ్చేది డాక్టర్ ఉన్న చోటే.

కాగితం మీద లెక్క అందరికీ వస్తుంది. 14 ఆంపుల్స్ పగలగొట్టి సిరంజిలోకి లాగడానికి ఎంతసేపు పడుతుందో చేసి చూస్తేగానీ తెలియదు. గడువు తీరిన డిస్టిల్డ్ వాటర్ ఆంపుల్స్‌తో టైమ్ పెట్టి చేయండి. ఇద్దరు పంచుకుంటే సగమవుతుంది. తర్వాతి డోసు ముందు చూడాల్సిన మూడు, మోకాలి రిఫ్లెక్స్, శ్వాస నిమిషానికి 16 పైన, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్ల పైన, ట్రే మూత మీద రాసి అతికించండి. పక్కనే విరుగుడు, 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మిల్లీలీటర్ల ఆంపుల్ ఉండాలి. సాధన ఆంపుల్స్ మాత్రం పని అవగానే లేబర్ రూమ్ బయటకు వెళ్ళిపోవాలి. నీళ్ళ ఆంపుల్ అసలు ట్రేలో కలిసిందంటే అంతకంటే ఘోరం లేదు.

పీహెచ్‌సీ_డాక్టర్

ఈ గురువారం నుంచి షిఫ్ట్ మార్పుల్లో మొదలు. ఇంకొక్కటి: ప్రసూతి సెలవు నుంచి ఆరు నెలలకు తిరిగొచ్చే నర్సుకు, వేరే వార్డు నుంచి డిప్యుటేషన్ మీద వచ్చేవాళ్ళకు?

నవజాత_వార్డు

ఒంటరిగా రాత్రి డ్యూటీ వేసే ముందు, మొదటి వారంలో మూడు వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చేయించండి. ఒకే రోజు మూడుసార్లు చేయిస్తే లెక్కకు రాదు. మధ్యలో ఒక నిద్ర పడి, కొంచెం మరిచి, మళ్ళీ గుర్తు తెచ్చుకుంటేనే నిలుస్తుంది. మూడోసారి 60 సెకన్లలోపు ఛాతీ లేస్తే డ్యూటీ చార్టులో పేరు వేయండి. లేవకపోతే ఆ వారం ఇంకొకరితో జతగా వేయండి, సీనియర్ అయినా సరే.